షేర్ ఆటోల నింపిన సర్వే

నిన్న నాకేమైందో చెప్తా, వినుండ్రి. నవ్వొస్తే ఆపుకోకుండ్రి. మొత్తం డిపార్ట్‌మెంట్ నవ్వినంక మీరు నవ్వితే నాకేం ఫరక్ పడది!

నేను సోషియాలజీల పీహెచ్‌డీ చేస్తున్న గదా. మా లాలాగూడ రైల్వే క్వార్టర్లల్ల ఆడోళ్ల బతుకుల మీద. ఆ క్వార్టర్లల్లనే పుట్టి పెరిగిన, జల్ది అయిపోతది అనుకున్న. ఆరేండ్లయింది, ఇంక అయితనే ఉన్నది.

మొన్న సాయంత్రం ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. "రీసెర్చ్ స్కాలర్లు అందరూ రేపు ఉదయం పదకొండు లోపల ఫీడ్‌బ్యాక్ సర్వే నింపాలి. పేరు రాయనక్కర్లేదు, నిర్భయంగా రాయండి." దాని కింద ఎర్ర అక్షరాలల్ల ఇంకో లైను: "నింపని వారి ఎక్స్‌టెన్షన్ కాగితం మీద సంతకం చేయబడదు."

పేరే రాయకపోతే ఎవరు నింపిన్రో, ఎవరు నింపలేదో వీళ్లకెట్ల తెలుస్తది? పరిశోధన చేసేటోళ్లకు గీ డౌట్ రావాలె గదా? నాకు రాలే.

గడువు పెంచే ఆ ఎక్స్‌టెన్షన్ లేకుంటే రిజిస్ట్రేషనే పోతది. ఆరేండ్ల కష్టం గంగల కలుస్తది. గంత ముఖ్యమైన పనిని నేనేం చేసిన? మర్చిపోయిన! నిన్న పొద్దున లాలాగూడల షేర్ ఆటో ఎక్కినంక యాదికొచ్చింది. టైమ్ చూస్తే పదీ నలభై.

గబగబ ఫోన్ తీసిన. స్టార్లు ఇచ్చే ప్రశ్నలు ఈజీగ అయిపోయినయ్. లైబ్రరీకి ఐదు స్టార్లు. ల్యాబుకు ఐదు స్టార్లు. మా డిపార్ట్‌మెంట్‌కు ల్యాబే లేదు. అయినా ఐదు!

ఆఖరికి ఒక డబ్బా వచ్చింది. "గైడు మార్గదర్శనం, పీహెచ్‌డీ తర్వాత కెరీర్ అవకాశాలు: మీ అభిప్రాయం ఏ భాషలోనైనా రాయవచ్చు. కనీసం మూడు వందల అక్షరాలు."

ఒక చేతిల ఆటో రాడ్, ఇంకో చేతిల ఫోన్. మూడు వందల అక్షరాలు ఏ చేత్తోని కొట్టాలె? మైక్ బటన్ ఒత్తి, నోటితోనే చెప్పుడు మొదలువెట్టిన. "మా యూనివర్సిటీలో కెరీర్ అవకాశాలు చాలా..."

అంతల డ్రైవర్ అన్న వెనక్కి తిరిగిండు. "జర జరుగమ్మా, ఇంకొకలు కూసుంటరు!"

"ఏడికి జరగాలె అన్నా? గీడ గాలే ఆడ్తలేదు!" అని నేను.

కూరగాయల సంచితోని ఒక పెద్దమ్మ ఎక్కింది. కూసోంగనే నన్ను అడుగుడు షురూ చేసింది.

"ఏం చదువుతున్నవ్ బిడ్డా?"

"పీహెచ్‌డీ పెద్దమ్మా."

"ఎన్నేండ్ల సంది?"

"ఆరేండ్ల సంది."

"మరి ఎప్పుడైతది?"

"మా సార్ చదివితే అయితది! నేనిచ్చిన చాప్టర్లను ఆవకాయ లెక్క జాడీల ఏసి మూత పెట్టిండు. ఊరుతున్నయ్."

"అయినంక నౌకరి వస్తదా?"

"నౌకరా? ఇంకో సర్వే వస్తది!"

"గింతకు దేని మీద చదువుతున్నవ్?"

"లాలాగూడ రైల్వే క్వార్టర్లల్ల ఆడోళ్ల మీద."

"అయ్యో, మా మీదనా!"

ఇద్దరం ఒకటే నవ్వు. తార్నాక వచ్చింది. పదకొండుకు రెండు నిమిషాలు తక్కువ. ఫోన్ చూస్తే డబ్బా కింద అక్షరాల లెక్క పచ్చగైంది. అరే, నేను గింత చెప్పిన్నా! సంబరపడి, చదవకుండనే సబ్మిట్ కొట్టిన.

మధ్యాహ్నం మూడింటికి సెమినార్ హాల్ల మీటింగ్. సర్వే జవాబులు చూసి సలహాలిచ్చెతందుకు కోటేసుకొని ఒక కెరీర్ ఎక్స్‌పర్ట్ వచ్చిండు. గుంటూరు దిక్కాయన, మస్తు మర్యాదస్తుడు. ముందు వరుసల మా గైడ్ రాజేశ్వర్ సార్ కూసున్నడు. నేను ఆఖరి వరుసల.

"వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చింది ఒకటుందండీ," అన్నడు ఎక్స్‌పర్ట్. "ఎవరు రాశారో తెలీదు గానీ, ఎంత లోతుందో చూడండి!"

తెర మీద పడ్డది: "మా యూనివర్సిటీలో కెరీర్ అవకాశాలు చాలా జర జరుగమ్మా ఇంకొకలు కూసుంటరు."

అప్పుడు సమజైంది నాకు. మైక్ బంద్ చెయ్యలే! నా గుండె జారి తార్నాక చౌరస్తాల పడ్డది.

"చూశారా? ఉన్న నాలుగు సీట్లలోనే అందరికీ చోటివ్వాలంటున్నారు! తర్వాతిది, 'గాలే ఆడ్తలేదు'. అంటే పోటీలో ఊపిరాడట్లేదని. మంచి ప్రతీక అండీ!"

పక్కన ఆఫీసు మేడం ఫైల్ల రాసుకుంటున్నది: "ఫ్యాన్లు చూడవలెను."

తర్వాతి స్లయిడ్ ఆవకాయ జాడీ. హాలంత నవ్వు. అందరికన్న ఎక్కువ నవ్వింది మా సారే! పక్కాయన భుజం తట్టుకుంట, "పాపం, ఎవడో ఆ గైడు!" అంటున్నడు.

ఇంకో స్లయిడ్ పడ్డది: "లాలాగూడ రైల్వే క్వార్టర్లల్ల ఆడోళ్ల మీద అయ్యో మా మీదనా."

సార్ నవ్వు సగంల ఆగింది. హాలంత వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నది.

"ఇది దేనికి ప్రతీకండీ?" అని ఎక్స్‌పర్ట్ తల గోక్కున్నడు.

సార్ మెల్లగ లేసిండు. "ప్రతీక కాదండీ. మా స్కాలర్."

మీటింగ్ అయినంక సార్ రూముకు రమ్మన్నడు. బీరువాల నుంచి నా మూడు చాప్టర్లు తీసి, దుమ్ము దులిపి, "రేపు పొద్దున రా," అన్నడు. గంతే.

ఇంటికొచ్చి అమ్మతోని చెప్పిన, "అమ్మా, నా చదువు కదిలింది!" భయం ఉన్నది గానీ, లోపల మస్తు ఖుషీ. ఆఖరికి సార్ చదువుతున్నడు!

ఇయ్యాల పొద్దున పోయిన. సార్ ముందుగాల ఎక్స్‌టెన్షన్ కాగితం మీద సంతకం పెట్టిండు. తర్వాత చాప్టర్లు నా ముందట పెట్టిండు. తెరిస్తే పేజీ పేజీ ఎర్రగున్నది.

"మొదటి చాప్టర్ల ఉన్నదే రెండోదాన్ల ఉన్నది. మూడోదాన్ల ఏమున్నదో నీకైన తెలుసా స్వప్నా? నీ సర్వేల ఆ పెద్దమ్మ అడిగిన ప్రశ్నలు చూడు, నీ ఇంటర్వ్యూ ప్రశ్నలకన్న గవే నయం. మూడూ మళ్లీ రాయి."

"గిన్ని తప్పులుంటే ముందే చెప్పకపోయిన్రా సార్?"

"చదివితే గదా తెలిసేది!" అన్నడు, ఏం సిగ్గు లేకుండ.

ఆరేండ్లు సార్ చదువుతలేడని ఊరంత చెప్పుకుంట తిరిగిన. ఒట్టు, చదవనన్ని దినాలే నా థీసిస్ మంచిగుండె!