గాలి సవతి

ఊరందరికీ కుర్చీలు చేసిచ్చే ఆ వడ్రంగి ఇంట్లో ఒక్క చెక్క కుర్చీ కూడా లేదు. ఉన్నవన్నీ గాలివే. గాలి సోఫా, గాలి పరుపు, మూలన మెడ వంచుకున్న గాలి హంస, పైకప్పుకి ఆనుకుని బూరలు. చెక్కతో ఆయనది పొట్టకూటి పరిచయం. ప్రాణం మాత్రం ఉబ్బిన రబ్బరు మీదే. దారిలో బూర కనబడితే చాలు, ఆగి, అరచేత్తో నిమిరి, చెంపకి ఆనించుకుని, ఆ కిర్రుమనే చప్పుడు విన్నాకే కదిలేవాడు. బంగారాన్ని అలా నిమిరేవాళ్ళకి లోకం కుర్చీ వేస్తుంది. బూరని నిమిరేవాడికి డాక్టరు చిరునామా ఇస్తుంది.

అలాంటి మనిషి ఏరికోరి చేసుకున్నది ఎవరినయ్యా అంటే, బట్టలు కుట్టే ఆవిడని. ఆవిడ జాకెట్టు మెడపట్టీ నిండా గుండుసూదులు, పెదాల మధ్య మరో రెండు.

"సూదులు గుమ్మంలో తీసేసి లోపలికి రావా?" అని బతిమాలాడు కాపురానికొచ్చిన మొదటిరోజే.

"చెప్పులు విప్పమంటారని తెలుసు గానీ, ఇదెక్కడి మర్యాదండీ? నాకంటే ఈ బూరలే ఎక్కువన్నమాట."

"అలా అనకు. పాపం వాటికి నీలాగా నోరు లేదు."

ఇవన్నీ ఆవిడ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది పసుపుపచ్చ రింగొక్కటే. ఈత నేర్చుకునేవాళ్ళు నడుముకి తొడుక్కునేది. దాన్ని కావలించుకుంటే గానీ ఆయనకి నిద్ర పట్టదు. ఆవిడ దానికి సవతి అని పేరు పెట్టింది. "ఏవండీ, మీ చిన్నావిడ ఇంకా మంచం దిగలేదా?" అని రోజూ వెక్కిరించేది.

ఒకరోజు మిషను ఆపి అడిగేసింది. "నిజం చెప్పండి. ఏముంది అందులో?"

ఆయన చెక్క నునుపు చేస్తున్న చిత్రిక పక్కన పెట్టాడు. "నాకూ తెలీదు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంతే. నొక్కితే లొంగుతుంది, వదిలితే మళ్ళీ లేస్తుంది. పట్టుకుంటే ఒళ్ళు తేలికవుతుంది. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. నువ్వు నవ్వలేదు."

ఆవిడ నవ్వకపోవడానికి కారణం నోట్లో ఉన్న సూదులు. కానీ ఆ మాట ఆయనకి చెప్పలేదు.

చేసిన పొరపాటల్లా ఫోనులో అక్కతో అనడమే. "ఈ సవతితో వేగలేకపోతున్నానే. తెల్లవార్లూ ఆయన చేతుల్లోనే."

రెండోరోజు పొద్దున్నే అక్క దిగిపోయింది. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది ఆ అక్కే. ఆవిడ మాటకి చెల్లెలు ఇంతవరకు ఎదురు చెప్పి ఎరగదు.

"ఎక్కడే నీ సవతి?"

"లోపల మంచం మీద ఉంది వదినగారూ," అన్నాడు వడ్రంగి అమాయకంగా.

చీరకొంగు బిగించి అక్క గదిలోకి దూసుకుపోయింది. మంచం మీద పసుపుపచ్చ రింగు తప్ప ఎవరూ లేరు. తిరిగొచ్చేసరికి కోపం రెట్టింపైంది. "ఆడమనిషైతే జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని. దీన్నేం పట్టుకుని ఈడ్చనే? పద, బట్టలు సర్దు. నలుగురూ నవ్వకముందే పోదాం."

చెల్లెలు మిషను దగ్గరే నిలబడింది. వెళ్ళాలని లేదు. వెళ్ళనని అనడం రాదు.

"ముందు కూర్చోండి వదినగారూ."

"కూర్చోడానికి రాలేదు."

ఆయన ఆవిడని ఎగాదిగా చూశాడు. ఎవరు ఎలా కూర్చుంటారో చూసి కుర్చీ చేసే మనిషి. గోడకి ఆనించిన చెయ్యి, ఒక్క కాలి మీద మోపిన బరువు, సంచీ కింద పెట్టేటప్పుడు బిగబట్టిన ఊపిరి. "ఎక్కడ పడ్డారు?" అన్నాడు మెల్లగా.

"బస్సు మెట్ల మీద." నోరు జారింది. ఇక దాచి లాభం లేకపోయింది. "నెలయింది. అన్నం కూడా నిలబడే తింటున్నాను. ఎక్కడ తగిలిందని చెప్పుకోను? నవ్వరూ?"

ఆయన నవ్వలేదు. నోట్లో సూదులు లేకపోయినా నవ్వలేదు.

అన్నేసి మాటలన్న మనిషి గాలి తీసేయడానికి అంతకంటే మంచి అదను ఉండదు. ఆయన తీశాడు కూడా. గదిలోకి వెళ్ళి రింగు తెచ్చి, బిరడా లాగి, తన చిన్నావిడ గాలి తీశాడు. బంతి మెత్తబడితేనే చెవులు మూసుకునే మనిషి, ఆ బుస్సుమనే చప్పుడు పళ్ళ బిగువున విన్నాడు.

"నిండా ఉంటే తోసేస్తుంది. సగం ఉంటే పట్టుకుంటుంది. కూర్చోండి."

అక్క అనుమానంగా కూర్చుంది. కళ్ళు మూసుకుంది. రెండు గ్లాసుల టీ తాగేదాకా లేవలేదు.

సాయంత్రం గుమ్మంలో అక్క ఒక చేతిలో సంచీ, చంకలో పసుపుపచ్చ రింగు.

"ఏమనుకోకండి మరిదిగారూ."

ఆయన దాన్ని ఒకసారి నిమిరాడు. "తగ్గితే నోటితోనే ఊదండి. పంపు దానికి పడదు."

"మరి నా బట్టలు సర్దాలా అక్కా?" అంది చెల్లెలు.

"ఎందుకే? సవతి పీడ వదిలిస్తున్నాగా."

అక్క ఎక్కిన బస్సు కదిలాక చెల్లెలు తిరిగొచ్చి గుమ్మం దగ్గర ఆగింది. మెడపట్టీలోని సూదులన్నీ ఒక్కొక్కటే తీసి తలుపు చెక్కకి గుచ్చింది. సోఫాలో వట్టి చేతులతో కూర్చున్న మొగుడి పక్కన చేరి, ఎర్ర బూర ఒకటి నోట్లో పెట్టుకుంది. మొహం కందిపోయింది గానీ బూర నిమ్మకాయంత కూడా కాలేదు.

ఆయన దగ్గరికి జరిగి, భయం భయంగా అడిగాడు.

"నోట్లో సూది లేదుగా?"