జపాను డిస్కులు, జురాంగ్ చెవులు

తొమ్మిదో తరగతిలో ఇంగ్లీషు రెండుసార్లు తప్పి బడి మానేసినవాణ్ణి నేను. తెలుగు పాటల్లోనే నాకు సగం మాటలు అర్థం కావు. అలాంటివాడు జపాను పంక్ రాక్ బ్యాండ్లలో వినదగ్గవేవో చెబుతానంటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి. నాకైతే ఆ భాషే సుఖం. ఒక్క ముక్కా తెలియదు కాబట్టి తప్పుగా అర్థం చేసుకునే భయం లేదు.

అవి మా జిల్లాలో సందుకొక కంప్యూటర్ కోచింగ్ సెంటర్ వెలిసిన రోజులు. సింగపూర్‌లో ఉన్నానంటే ఊళ్లో అందరూ సాఫ్ట్‌వేర్ అనుకున్నారు. నేనూ కాదనలేదు. పాయా లేబర్ ఆఫీసుల్లో ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లు ఏసీ కింద కూర్చునే వేళకు నేను జురాంగ్ ఐలాండ్ ఆయిల్ రిఫైనరీల్లో పైపుల అతుకులు గ్రైండింగ్ చేస్తుండేవాణ్ణి. నా ముందూ మెషీనే ఉండేది. కాకపోతే దాన్ని పట్టుకుంటే పళ్లు కూడా వణికేవి.

ఆ పాటల డిస్కులు ఇచ్చింది ఒక జపాను ఇంజనీరు. పంపులు బిగించడానికి వచ్చి ఆరు నెలలు మాతో ఉన్నాడు. యాభై దాటిన మనిషి. టీ వేళ నేను అతని నడకను అతని ముందే నడిచి చూపించేవాణ్ణి, పగలబడి నవ్వేవాడు. వెళ్లిపోయే రోజున ఒక జిప్పు సంచీ నా చేతిలో పెట్టాడు, అందులో నాలుగు సీడీలు. మీద రాసింది చదవలేను కదా, మార్కర్‌తో నేనే పేర్లు పెట్టుకున్నాను.

మొదటిది మిక్సీ. పాట నిమిషన్నర మించదు. మూత సరిగా పెట్టకుండా స్విచ్ వేసినట్టుంటుంది. పొద్దున లారీలో వెళ్తూ వినాలి. రెండోది పెళ్లి బ్యాండు, అందులో బూరలున్నాయి, మనవాళ్లకు త్వరగా ఎక్కుతుంది. మూడోది ముసురు. పాడేవాడు చాలాసేపు గొణిగి, ఉన్నట్టుండి గొంతు చించుకుంటాడు. అన్నం ముందు పెట్టుకుని అది వినకూడదు. అన్నం చల్లారిపోతుంది. నాలుగోది ముగ్గురమ్మాయిలు. ఒక్కటే వినే తీరిక ఉంటే ఇదే వినండి. డ్రమ్ము మూడు దెబ్బలు కొట్టి ఆగుతుంది. ఆ ఖాళీలో ఒకమ్మాయి ఒక్క మాట అంటుంది, కోపం లేకుండా, కూరగాయల ధర చెప్పినట్టు. మళ్లీ మూడు దెబ్బలు.

డార్మిటరీలో నా కింది మంచంలో ఒక అన్న ఉండేవాడు. మా పక్క మండలమే. పన్నెండేళ్లుగా గ్రైండర్ పట్టినవాడు. మా దగ్గర చప్పుడు పడకుండా చెవుల్లో పెట్టుకునే బిరడాలు అందరికీ ఇస్తారు, అందరి మెడలోనూ దారానికి వేలాడుతుంటాయి. పెట్టుకుంటే ఫోర్‌మన్ పిలుపు వినపడదు, వినపడకపోతే తిట్లు. అందుకని సేఫ్టీ ఆఫీసర్ వస్తున్నాడంటే చెవిలో, పోయాడంటే మెడలో. అన్న పన్నెండేళ్లు అలాగే చేశాడు. కుడి చెవి మొత్తం పోయింది, ఎడమది సగం.

ఏటా వినికిడి పరీక్ష ఉంటుంది. ఆ ఏడు అన్న పర్మిట్ రెన్యువల్ దాని మీదే ఆగింది.

"తప్పిననుకో, ఇంటికి తోలుతరు తమ్మీ" అన్నాడు. "ఇంటికి ఇంక స్లాబు వడలే."

"అన్నా, అది చెవుల పరీక్ష కాదు, వేలి పరీక్ష. కూత వస్తే బటన్ నొక్కుడు, అంతే. పోయినేడు నేను గమనించిన. మూడు కూతలు, జర ఖాళీ, మళ్ల మూడు. గీ అమ్మాయిలు కొట్టినట్టే" అన్నాను, అతని ఎడమ చెవి వైపు జరిగి గట్టిగా.

బడిలో నేను గట్టెక్కిన పరీక్షలన్నీ ఇలాంటి తెలివితోనే గట్టెక్కాను. గట్టెక్కనివి కూడా.

రెండు ఆదివారాలు మధ్యాహ్నం పూట నేర్పాను. ఆ అమ్మాయిల పాట పెట్టి, చిన్న స్పీకర్ మీద అన్న అరచెయ్యి పెట్టించాను. "తెలుస్తలేదు తమ్మీ, చేతులు గూడ మొద్దువారినయ్" అన్నాడు. స్పీకర్‌ను మెడ కింది ఎముకకు ఆనించాను. కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి బొటనవేలు కదిలింది. మూడుసార్లు, ఆగింది, మూడుసార్లు. రెండో ఆదివారానికి స్పీకర్ తీసేసినా తాళం తప్పడం లేదు.

పరీక్ష వాను సైట్ గేటు దగ్గర ఆగింది. లోపల అద్దాల గది, అందులో ఒక కుర్చీ. నర్సు తమిళావిడ. మా వరుసలో అన్న ముందు, నేను తర్వాత. వాను మెట్టు మీద నిలబడితే అంతా కనిపిస్తోంది. అన్న హెడ్‌ఫోన్లు పెట్టుకుని గోడనే చూస్తూ నొక్కుతున్నాడు. మూడు, ఖాళీ, మూడు. నర్సు కాగితం వైపు చూసింది. అన్న వైపు చూసింది. మెషీను ఆపేసింది. అన్న నొక్కుతూనే ఉన్నాడు.

ఆవిడ గదిలోకి వెళ్లి హెడ్‌ఫోన్లు మెల్లగా తీసింది. "అంకుల్, ఫినిష్ లా" అంది సింగపూర్ యాసలో. అన్న చూపు గోడ మీదే ఉంది. బొటనవేలు ఇంకో రెండు విడతలు తాళం తప్పకుండా కొట్టింది.

బయటికొచ్చి ఆవిడ నాతో అంది, వినపడలేదని ఉన్నదున్నట్టు చూపించి ఉంటే చప్పుడు లేని పనికి మార్చమని రాసేదాన్నని. ఇప్పుడు మోసం అని రాయాలట. నాకేమీ అనిపించలేదు. ఆకలేసింది. నా వంతు రాగానే వెళ్లి కూర్చుని, కూత వచ్చినప్పుడల్లా నొక్కాను. పాసయ్యాను.

పది రోజుల్లో అన్నను పంపించేశారు. కంపెనీ వాను కోసం గేటు దగ్గర సంచులతో నిలబడ్డాడు. క్షమించమని అడగడం నాకు చేతకాదు. ఎడమ చెవి దగ్గరికి వంగి గట్టిగా అరిచాను: "బతికిపోయినవ్ అన్నా! ఇగ వదిన తిట్లు ఇనవడయ్ నీకు!"

అన్న సంచి భుజానికి వేసుకుని నా మొహంలోకి చూశాడు.

"దాని తిట్లు మొఖం జూస్తె తెలుస్తయ్ తియ్. నీ జోకులే, ఏడాది సంది ఒక్కటి గూడ ఇనవడలే. పక్కోళ్లు నవ్వుతుంటె నేను గూడ నవ్విన."