అష్టమి నాడు కట్టిన గట్టు

సునామీకి ముందు, మా దీవిలో సిప్పీఘాట్‌లో ఉన్న మా ఇంటి ముందు పది అడుగుల సిమెంటు బ్లాకుల దారి ఉండేది. దాని పక్కన మా కూరగాయల మడులు. ఆ రోజు నేల కుంగిపోయింది. మడుల్లోకి వచ్చిన ఉప్పునీళ్లు మళ్లీ వెళ్లనే లేదు. అప్పట్నుంచీ పోటు వస్తే నీళ్లు మా రోడ్డు దాకా ఎక్కుతాయి, తర్వాత దిగిపోతాయి.

నాకక్కడ ఊపిరాడేది కాదు. చౌల్దారీ ఊళ్లో మెరక మీద కాస్త జాగా ఇస్తాను, ఇల్లు వేసుకోండి అన్నాడు మా అన్న. ఏడేళ్లు ఆ మాట పట్టుకుని తిరిగాను. మా ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే, "చూద్దాంలే." చూసిందీ లేదు, కదిలిందీ లేదు.

ఒకరోజు తన కాంట్రాక్టు పనులకని పాత వ్యాను కొనుక్కొచ్చాడు. అది పెట్టుకోడానికి బ్లాకుల దారిని రోడ్డు దాకా పెంచుతాడట. మేస్త్రీ కూడా అక్కర్లేదట, తనే వేస్తాడట. నాకు ఒళ్లు మండిపోయింది. నేను ఎప్పుడు పోదామా అని చూస్తుంటే ఈయనగారు నేలకి బ్లాకులు దిగ్గొడుతున్నాడు.

అయినా మోసింది నేనే. పాత దారి చివరి వరస ఊడదీసి, పళ్లలా మిగిలిన అంచు మధ్యకి కొత్త బ్లాకులు ఇరికించాలి, లేకపోతే అతుకు దగ్గర విడిపోతుంది. కింద ఇసకకి బదులు క్వారీ పొడి పరిచాం. నేను అందిస్తే ఆయన రబ్బరు సుత్తితో కొట్టాడు. వంక పెడదామని వెతికాను, ఒక్కటీ దొరకలేదు. పని చక్కగానే చేశాడు.

ఆఖర్న, నీళ్లు లోపలికి రాకుండా చుట్టూ జానెడు ఎత్తు సిమెంటు గట్టు అన్నాడు. రోడ్డు వైపు మాత్రం వ్యాను ఎక్కి దిగేలా ఏటవాలుగా. ఆ రోజు అష్టమి. అష్టమి పోటుకి బలం ఉండదు, ఎత్తు చూసుకోవాల్సింది అమావాస్యకి. మా తాత చేపల వేటకెళ్లిన మనిషి, మా పుట్టింట్లో పసిపిల్లకైనా తెలుసు ఆ సంగతి.

"వారం ఆగు. అమావాస్య నీళ్లు చూసి ఎత్తుకి దారం కట్టు" అన్నాను.

"నీవన్నీ అపశకునాలే, ఛోడో, వదిలెయ్" అన్నాడు. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్లు మరి. సాయంత్రానికి గట్టు కట్టేశాడు.

అమావాస్య నాడు పొద్దున్నే నీళ్లు నిమ్మళంగా గట్టు దాటి లోపలికొచ్చాయి. మధ్యాహ్నానికి సముద్రం తగ్గి రోడ్డు తేలింది. మా ఇంటి ముందు మాత్రం నీళ్లు గట్టు లోపల ఇరుక్కుపోయి, వ్యాను చుట్టూ, మొదటి మెట్టు దాకా నిలబడిపోయాయి. గునపం తెచ్చి గట్టు మీద రెండు దెబ్బలు వేశాను.

ఆయనొచ్చి గునపం పట్టుకున్నాడు. "కొట్టు, మొత్తం కొట్టెయ్. కానీ నేను మీ అన్న జాగాలో బతకలేను. అత్తింటోళ్ల పంచన పడ్డాడని నలుగురూ అంటే నేను తలెత్తుకోలేను. ఈ మాట నీకు చెప్పలేకే ఇన్నాళ్లూ చూద్దాం చూద్దాం అన్నాను" అన్నాడు.

ఏడేళ్ల కిందటే చెప్పుంటే తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, ఏదో ఒకటి తేలేది. ఆ "చూద్దాంలే" మీద ఆశ పెట్టుకునే నేను ఆ ఇంట్లో ఉండగలిగాను. ఇప్పుడదీ పోయింది. కోపం రావాల్సింది, జాలేసింది. ఆ జాలి మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

గట్టుకి పడ్డ బెజ్జంలోంచి నీళ్లు రోడ్డు మీదికి పోయాయి. సాయంత్రం అన్నకి ఫోన్ చేసి, ఆ జాగా ఇంకెవరికైనా ఇచ్చెయ్యమన్నాను.

"నీకు అక్కర్లేదేటి చెల్లీ?" అన్నాడు.

అక్కర్లేదన్నాను. మర్నాడు సిమెంటు కలిపింది నేనే. గట్టు ఇంకా ఎంత ఎత్తు లేపాలో గీత గీసి చూపించిందీ నేనే.