అల్లుడుగారి సంతకం

మా ఊళ్ళో నన్ను బారిష్టరుగారు అంటారు. నేను సముద్రాలు దాటి చదివిందేమీ లేదు. దాటింది గోదావరి ఒక్కటే, అదీ బస్సులో. అయినా అమలాపురం కోర్టులో ఇన్నేళ్ళుగా ఆస్తి దావాలు నడుపుతున్నాను కదా అని ఆ పిలుపు వద్దనలేదు. నిజం చెప్పాలంటే వినడానికి బాగానే ఉండేది.

మా కక్షిదారులకి మర్యాద ఎక్కువ. జానెడు గట్టు కోసం పదేళ్ళుగా కొట్టుకుంటున్న అన్నదమ్ములు కోర్టు గుమ్మంలో ఎదురుపడితే "మీరు పదండి", "అబ్బే, ముందు మీరండి" అని అక్కడే ఆగిపోతారు. ఒకాయన తమ్ముడి మీద వేసిన దావా కాగితం చదివి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "పేరు పక్కన గారు పెట్టండి సార్, ఎంతైనా మా తమ్ముడు కదండీ" అన్నాడు. ఇలాంటివి చెప్పి బార్ రూములో అందరినీ నవ్వించేవాణ్ణి. ఆ మర్యాద జబ్బు నాకూ ఉందని అప్పటికి తెలియదు.

రాజోలు దగ్గర ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు ఉండేవారు. క్రైస్తవులు. కొబ్బరితోట విశాఖపట్నంలో ఉన్న కొడుక్కీ, తాను కట్టుకున్న డాబా ఇల్లు కూతురికీ రాయాలనుకున్నారు. ఆయన మంచాన పడ్డాక ఆరేళ్ళు ఒళ్ళు తుడిచి, అన్నం కలిపి పెట్టింది ఆ కూతురే. ఆవిడ స్కూల్లో టీచరు. ఆవిడ బడికి వెళితే ఆ పని భర్త చేసేవాడు.

వీలునామా నేనే రాశాను. రాయడమంటే ఏముంది, నా కంప్యూటర్లో ఒక నమూనా ఉంది. అప్పటిదాకా దాదాపు అందరూ హిందువులే కాబట్టి వాళ్ళ కోసం చేసుకున్నది. పేర్లూ హద్దులూ మార్చి, పైన ఉన్న 'శ్రీరామ' తీసేసి 'దేవుని కృపవలన' అని పెట్టాను. ఎంత జాగ్రత్తపరుణ్ణో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

సంతకాల రోజున పాస్టరుగారు ఒక సాక్షి. రెండో సాక్షిగా ఎదురింటి పోస్టుమాస్టరుగారికి కబురు పెట్టాను. ఆయన వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా హెడ్మాస్టరుగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏవండీ లాయరుగారూ, అల్లుడుగారు ఇంట్లో ఉండగా పైవాళ్ళ చేత పెట్టిస్తే ఏం బాగుంటుందండీ? ఆయన్ని తీసేసినట్టు ఉండదూ?"

అల్లుడుగారు కాఫీ కప్పులతో అక్కడే ఉన్నాడు. "అబ్బే, నాకేం పర్లేదండి మావయ్యగారూ" అన్నాడు గానీ ముఖం మాత్రం వెలిగిపోయింది. నా నోట్లో కాజా ఉంది.

"ఆయ్, అదీ నిజమేనండి. అల్లుడుగారే పెడతారు" అన్నాను.

పోస్టుమాస్టరుగారు మళ్ళీ చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు.

హెడ్మాస్టరుగారు పోయాక కొడుకు దావా వేశాడు. అవతలి వకీలు చట్టం పుస్తకం తెరిచి ఒకే ఒక్క నియమం చదివాడు. క్రైస్తవుల వీలునామాలో సాక్షిగా సంతకం పెట్టినవాళ్ళకి గానీ, వాళ్ళ భార్యకో భర్తకో గానీ రాసిన ఆస్తి చెల్లదు. హిందువుల వీలునామాకి ఈ నియమం లేదు. నా నమూనాకి సాక్షి ఎవరైనా ఒకటే. తోట కొడుక్కే ఉండిపోయింది, ఇల్లు మాత్రం వీలునామాలో రాయనట్టే లెక్కై ఇద్దరికీ చెరిసగమైంది. నట్టింట్లో గోడ లేచింది. ఆ ఆరేళ్ళూ ఆయన మంచం ఉన్న గది అవతలి వాటాలోకి పోయింది, దానికి తాళం పడింది.

తీర్పు రోజున కోర్టు వరండాలో బంధువులంతా నా చుట్టూ మూగారు. "చట్టం అలా ఉందండీ. అల్లుడుగారు ఆ సంతకం పెట్టకుండా ఉండాల్సింది" అన్నాను. ఆ మాట అన్నది నేనే. పక్కనే ఉన్న ఆయన తల దించుకున్నాడు.

ఆ మాట నాకంటే ముందే ఊరు చేరింది. పెళ్ళిళ్ళలో, ప్రార్థన కూటాల్లో "మర్యాదకి పోయి పెళ్ళాం ఇల్లు సగం చేసేడు" అన్నారు. ఆయన సంతకాలు పెట్టడం మానేశాడని విన్నాను. కొరియర్ వాడు వచ్చినా భార్యనే పిలుస్తాడట. ఇది వినీ రెండేళ్ళు ఊరుకున్నాను. బారిష్టరుగారు తప్పు చేశారంటే రేపు గుమ్మమెవరు ఎక్కుతారని నా భయం. పిరికితనం అనడానికి ఇంతకంటే మంచి మాట వెతికాను గానీ దొరకలేదు.

చివరికి తీర్పు నకలు ఇచ్చే వంకతో వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ గోడకి ఇవతల కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. తప్పు నాదనీ, ఆయనకి ఆ నియమం తెలిసే దారే లేదనీ, తెలియాల్సినవాణ్ణి నేననీ.

ఆవిడ కలం ఆపలేదు. "నాకు తెలుసండి. ఆ లాయరుగారు పుస్తకం చదువుతున్నప్పుడు మీ మొహం చూసేనండి. అప్పుడే తెలిసింది."

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేంటమ్మా?"

"పెద్దవారు, మీరే చెప్తారేమో అని ఊరుకున్నానండి." ఇంకో పేపరు తీసుకుంది. "నాకు చెప్పడం కాదండీ. ఆయన పెరటి వరండాలో ఉన్నారు, ఆయనకి చెప్పండి."

బయటికి వచ్చాను. గుమ్మం దగ్గరే ఆగాను. నన్ను చూడగానే ఆయన లేచి, తను కూర్చున్న కుర్చీని కండువాతో తుడిచి నా వైపు జరిపాడు.

"నిలబడ్డారేంటండీ లాయరుగారూ, కూర్చోండి. కాఫీ తెమ్మంటానండి."