మల్లయ్యగారు ఆ రోజు కారులో లేరు

నిన్న సాయంత్రం ఎల్బీనగర్ చౌరస్తాలో వాన అందుకుంది. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న నా పక్క నుంచి ఒక పెద్ద కారు సర్రున జారుకుంటూ పోయి, అడ్డం తిరిగి ఆగింది. తడి తారు వాసన, వేడెక్కిన బ్రేకుల వాసన కలిసి కిటికీలోంచి గుప్పున కొట్టాయి. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా నా చేతులు స్టీరింగు మీద బిగుసుకుపోయాయి. అది భయం కాదు, కోపం. నలభై ఏళ్లు కావస్తున్నా చల్లారని కోపం.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. తెనాలి వైపు నుంచి వచ్చి చైతన్యపురిలో కొత్తగా లేస్తున్న కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. చుట్టూ సున్నపు ముగ్గు గీతలు, పాతిన హద్దురాళ్లు, సగం లేచిన గోడలు. నేను టైపు నేర్చుకుని, నగరంలోని ఒక కార్ల క్లబ్బు ఆఫీసులో చేరాను. కార్ల సరదా ఉన్న డబ్బున్నవాళ్ల క్లబ్బు అది. అక్కడ బండ్లు చూసుకునే డ్రైవరు మల్లయ్యగారు. సరూర్‌నగర్ మనిషి, పదిహేనేళ్లు లారీ నడిపినవాడు. “మీ ఇల్లున్న కాడ మేం జొన్న ఏసేటోళ్లం బిడ్డా” అన్నారు పరిచయమైన రోజునే. ఆ మాటలో నిష్ఠూరం లేదు. మా వీధి ఎక్కడుందో గుర్తుపట్టిన సంతోషమే ఉంది.

ఆ ఏడు వానాకాలంలో క్లబ్బువాళ్లు నాదర్‌గుల్‌లో చిన్న విమానాలు దిగే బాటను శని ఆదివారాలకు అడిగి తీసుకున్నారు. వేగంగా బండి నడపడం నేర్పే శిబిరం అది. పేర్లు రాసుకోవడానికి నన్నూ రమ్మన్నారు. మొదటి రోజు జల్లుతో గడిచింది. ఆదివారం పొద్దున్నే కుండపోత. బాట చివర వంపులో నీళ్లు నిలిచిపోయాయి. మల్లయ్యగారు అన్ని బండ్ల టైర్లూ చేత్తో తడిమి చూసి, నేరుగా క్లబ్బు కార్యదర్శి దగ్గరికి వెళ్లారు. నేను రెండడుగుల దూరంలో రిజిస్టరు తడవకుండా గుండెకు హత్తుకుని నిలబడి ఉన్నాను.

“సార్, మీ బండి ఎనక టైర్లు నున్నగైనయ్. మొన్ననే చెప్పిన. గా వంపుల నీళ్లున్నయ్. ఇయ్యాల గీ బండి తియ్యకుండ్రి.”

కార్యదర్శి పక్కవాళ్ల వంక చూసి నవ్వాడు. “చూశారా, మన డ్రైవరు మనకే క్లాసు చెబుతున్నాడు. పోయి డబ్బాలు సర్దు పో.”

అందరూ నవ్వారు. మల్లయ్యగారు తలమీది తువ్వాలు పిండుకుని, దారికి గుర్తుగా పెట్టిన రంగు డబ్బాలు సర్దడానికి వెళ్లిపోయారు. కార్యదర్శి ఒక్కడే కారెక్కాడు. వంపు దగ్గర బ్రేకు గట్టిగా తొక్కాడు. కారు నీళ్లమీద గిర్రున తిరిగి, డబ్బాలను ఎగరగొట్టి, గడియారం పట్టుకుని నిలబడిన ఒక సభ్యుణ్ణి కొట్టేసింది. అందరికంటే ముందు పరిగెత్తింది మల్లయ్యగారే. ఎముక విరిగిన ఆ కాలికి తన తువ్వాలు కట్టి, జీపులో పడుకోబెట్టి దవాఖానకు తీసుకుపోయింది కూడా ఆయనే.

సోమవారం కార్యదర్శి నన్ను గదిలోకి పిలిచి, పోలీసులకు ఇవ్వాల్సిన కాగితం టైపు చెయ్యమని చెప్పుకుపోయాడు. “ప్రమాద సమయంలో కారు నడుపుతున్నది డ్రైవరు మల్లయ్య” అన్న దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి.

“సార్, మీరు కదండీ...”

“చెప్పింది కొట్టు.”

కొట్టాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. కింద నలుగురు సభ్యులు సంతకాలు పెట్టారు. చదువుకున్నవాళ్లు, శాలువాలు కప్పించుకునేవాళ్లు, నా పక్కనే నిలబడి అంతా కళ్లారా చూసినవాళ్లు. ఒక్కడి చెయ్యీ వణకలేదు.

మధ్యాహ్నం మెట్ల దగ్గర మల్లయ్యగారు ఎదురయ్యారు. విషయం అప్పటికే తెలిసిపోయింది.

“నువ్వే కొట్టినవా బిడ్డా?”

“కొట్టానండీ.”

“నువ్వు సూసినవ్ గద?”

తిట్టినా బాగుండేది. అంతే అడిగి, మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆ రాత్రి నాన్నకు చెబితే, “ఊరుకాని ఊళ్లో పెద్దవాళ్లతో మనకెందుకమ్మా?” అన్నారు. తెల్లారి నేను సరూర్‌నగర్ వెళ్లి ఆయన ఇల్లు వెతుక్కున్నాను. ఇద్దరం కలిసి స్టేషనుకు నడిచాం.

అక్కడి అధికారి నన్ను ఎగాదిగా చూశాడు. “వాళ్లు నలుగురు రాసిచ్చారు. నువ్వొక్కదానివి. నీకెందుకమ్మా ఈ గొడవ?”

“కాగితం టైపు చేసింది నేనేనండి. అది అబద్ధం” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సాయంత్రంలోగా నా ఉద్యోగం పోయింది. మల్లయ్యగారి ఉద్యోగం ముందే పోయింది, లైసెన్సు పోలీసులు లాక్కున్నారు. తిరిగి చేతికి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. అదీ కాలు విరిగిన పెద్దమనిషి కర్ర పట్టుకుని వచ్చి నిజం చెప్పాక. కార్యదర్శి మీద కేసు లేదు, సంతకం పెట్టినవాళ్లను అడిగినవాడూ లేడు. మరుసటి ఏడాది అదే బాట మీద అదే శిబిరం అదే మనిషి పెట్టాడు. పొరపాటు జరిగిందని ఒక్క ముక్క మల్లయ్యగారితో అనలేదు. ఎనిమిది నెలలు ఒక మనిషి చేతులు కట్టేస్తే దాన్ని పొరపాటు అని కూడా అనకపోవడం ఏం మర్యాద?

లైసెన్సు రాగానే ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పాత జీపుతో డ్రైవింగు నేర్పడం మొదలుపెట్టారు. మొదటి శిష్యురాలిని నేనే. వానపడ్డ రోజు కావాలని మా కాలనీ ఖాళీ ప్లాట్లలోకి తీసుకెళ్లేవారు. బురదలో జీపు జారగానే నేను బ్రేకు తొక్కేదాన్ని.

“తొక్కకు బిడ్డా! చక్రం ఆగితే నీ మాట ఇనది. కాలు తీయ్. యాడికి పోవాల్నో గటు సూడు.”

ఒకసారి ధైర్యం చేసి అడిగాను. “వాళ్లమీద మీకు కోపం రాదా అండీ?”

ఆయన అద్దం మీది నీళ్లు తుడిచారు. “ఎందుకు రాదు? మస్తొస్తది. గానీ గా నలుగురిల ఒక్కడన్న నన్ను అడిగిండా? మల్లయ్యా, ఏమైంది అని? గదే గుచ్చుతది.”

ఆయన పోయి పన్నెండేళ్లయింది. నేను బీమా ఆఫీసులో చేరి, ప్రమాదాల క్లెయిములు చూసే పనిలోనే వయసంతా గడిపాను. పెద్ద కార్ల యజమానులు వస్తారు, కాగితాలన్నీ చక్కగా నింపి ఉంటాయి, “డ్రైవరు నిర్లక్ష్యం” అన్న మాటతో సహా. డ్రైవరు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. పోయిన వారం కూడా అలాగే ఒకాయన తన ఫైలు నా ముందుకు తోసి, “ఇందులో అంతా ఉంది మేడం, వాణ్ణి అడిగేదేముంది?” అన్నాడు.

నేను ఫైలు మూసి పక్కన పెట్టాను. లేచి ఇంకో కుర్చీ లాగి, తలుపు దగ్గరున్న మనిషితో అన్నాను. “వచ్చి కూర్చోండి. ఏమైందో మీరు చెప్పండి.”