గోడ దొరకని దర్వాజ

మొన్న ఆదివారం మా అశోక్ నగర్ అపార్ట్‌మెంట్ కింద మీటింగు పెట్టారు. బిల్డింగు పాతబడిందట, కూలగొట్టి మళ్లీ కట్టించాలట. ఆ మాట అంటున్న పెద్దమనిషి చాయ్ కప్పులోనే పైనుంచి పెచ్చు రాలిపడింది కాబట్టి ఎవరూ వాదించలేదు. నా చూపు మాత్రం మెట్ల కింద గడపతో సహా పడుకోబెట్టిన టేకు దర్వాజ చట్రం మీదే ఉంది.

తొంభైల్లో ఇక్కడ మా అత్తమ్మ ఇల్లుండేది. డంగుసున్నం గోడలు, మూరెడు మందం. కట్టించేటప్పుడు ఆమె మామగారు ఒక వరస లేచాక అది ఆరేదాకా మేస్త్రీని మళ్లీ గోడ ముట్టనిచ్చేవారు కాదట. చిక్కడపల్లి ఇళ్లన్నీ ఫ్లాట్లవుతున్న రోజులు. మా ఇంటి అన్నదమ్ముల పంపకాలకూ అదే దారన్నారు. సంతకానికి అత్తమ్మ ఒకటే షరతు పెట్టింది: "నేను కోడలిగ దాటొచ్చిన దర్వాజనే కొత్తింటికి పెట్టాలె." బిల్డరు తలూపాడు. తలూపడంలో ఆయన్ని మించినవాడు నారాయణగూడ మొత్తంలో లేడు.

పాత గోడలు గడ్డపారలకు లొంగక కూలీలను ఏడిపించాయి. కొత్తవి మాత్రం మేం దోమలగూడ కిరాయి ఇంట్లో సామాన్లు సర్దుకునేలోపే లేచాయి. "జర ఆరనియ్యి బిడ్డా" అని అత్తమ్మ వెళ్లి చెప్పి వచ్చేది. "సిమెంటమ్మా, అదే ఆరుతది" అనేవాడు బిల్డరు. దర్వాజ సంగతి అడిగితే "ఆఖరికి పెడతం" అనేవాడు.

గృహప్రవేశం నాడు చూస్తే గుమ్మానికి ఏదో పలచటి చెక్క. పసుపు గిన్నె పట్టుకుని అత్తమ్మ ఆగిపోయింది. "నా దర్వాజ ఏది?"

"మీది జానెడు మందమమ్మా, మా గోడ బెత్తెడే. నిలబడది. కావాల్నంటే నిలువునా కోయిస్త."

నేను మా ఆయన వైపు చూశాను. మా ఆయన స్లాబు వైపు చూశాడు. ముహూర్తం దాటిపోతోందన్నారు పంతులుగారు. అత్తమ్మ ఆ చెక్కకే పసుపు రాసి లోపలికి వచ్చింది. ఏం చేస్తుంది మరి!

ఆ తరువాత ప్రతి శుక్రవారం మెట్లు దిగి, కింద పడుకున్న తన గడపకు పసుపు రాసి బొట్లు పెట్టేది. ఇరుగుపొరుగు నవ్వుకునేవారు. ఆమె పోయాక నేను పెడుతున్నాను. ఆ టేకుకు ఇవాళ్టికీ చెద పట్టలేదు.

మీటింగుకు వచ్చిన కొత్త బిల్డరును అడిగాను, దీనికి సరిపోయే గోడ కడతావా నాయనా అని.

"ఏడాదిలో తాళాలిస్తం ఆంటీ" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. గోడ ఆరేదాకా ఆగడానికి, ఈ వయసులో నా దగ్గర మాత్రం కాలం ఎక్కడుంది?