పెరటాసి శనివారం నేను బియ్యం అడుక్కున్న వైనం

నుదుట భక్తి లేకుండా, మనసులో మొక్కు లేకుండా, ఒకే ఉదయాన ఇద్దరు దేవుళ్ళ కొలువులో పనిచేసి, రెండు చోట్లా పరువు పోగొట్టుకున్న హేతువాదిని మీరెక్కడా చూసి ఉండరు. ఇదిగో, చూడండి.

అప్పట్లో తిరుపతిలో ఒక వీధిలో కొత్తగా అద్దెకు దిగాను. ఇరుగుపొరుగు పేర్లు తెలియవు గానీ వాళ్ళ మూఢనమ్మకాలన్నీ నాకు కంఠస్థం. ఎక్కడ సభ జరిగినా దేవుణ్ణి నిలబెట్టి ప్రశ్నలు వేసేవాణ్ణి. ఆయన జవాబు చెప్పకపోవడాన్ని నా గెలుపుగా జమకట్టుకునేవాణ్ణి.

ఏడుకొండలవాడికి ప్రీతి అని చెప్పుకునే పెరటాసి నెల వచ్చింది. ఆ నెల శనివారాల్లో మా వైపు మొక్కున్నవాళ్ళు నామం పెట్టుకుని, చెంబు పట్టుకుని, ఇంటింటా "గోవిందా!" అంటూ బియ్యం అడుగుతారు. అలాంటి ఒక శనివారం పొద్దున్నే ఎవరో తలుపు తట్టారు. సంచి పట్టుకున్న ఒక పెద్దావిడ.

"రోంత బియ్యం ఉంటే పెట్టప్పా" అంది.

అంతే, నా గొంతుకు కట్టలు తెగాయి. "ఏడుకొండలవాడికి మన గుప్పెడు గింజలతోనే పూట గడుస్తుందా? కొండంత దేవుడు గడప గడపకూ మనుషుల్ని పంపి అడుక్కుంటాడా?" అని చెమట పట్టేదాకా దంచాను. ఆవిడ సంచి కింద పెట్టి, శ్రద్ధగా విని, "బాగా చెప్పినావబ్బా! మా పాస్టరయ్య గూడా ఇంత గట్టిగా చెప్పడు" అంది.

"పాస్టరా?"

"అవునప్పా. నా పేరు సుగుణమ్మ. ఈ వీధి చివరుండే చర్చి మాది."

రైలు కూడా పట్టాలు మారేటప్పుడు కాస్త నెమ్మదిస్తుంది. నేను నెమ్మదించలేదు. అదే ఊపున యేసు ప్రభువు మీదికి మళ్ళాను.

"దేవునికి గాదు నాయనా" అని ఆవిడే అడ్డుపడింది. "దేవుడు మన బియ్యం యాడ తింటాడు? ఆస్పత్రి కాడ రోగులతో వచ్చినోళ్ళకి, మధ్యాన్నం అన్నానికి. పల్లెల నుంచి వచ్చి ఆ గేటు కాడ పస్తుంటారు. మావాళ్ళు సగం మంది జొరంతో పడిండారు. ఇంకా సగం వీధి మిగిలుండాది, తిరిగే మనిషి లేడు. ఎసరు పెట్టే పొద్దయింది."

ఇక్కడైనా నోరు మూసుకోవాలి కదా? "ఆ సగం వీధీ నేను తిరుగుతాను. దేవుడి పేరెత్తకుండా తెస్తాను. మనిషికి మనిషి మీద ప్రేమ చాలునని నిరూపిస్తాను!" అన్నాను.

"నిరూపించేది ఉండనీ, బియ్యం తే" అని ఆవిడ వెళ్ళిపోయింది.

సంచి దొరక్క స్టీలు బిందె పట్టుకుని బయల్దేరాను. మొదటి ఇంట్లో "మానవత్వం" అనగానే "మాకు ఇన్సూరెన్సు ఉండాది" అని తలుపు వేశారు. తర్వాతి ఇంట్లో "సర్వేనా? నిన్ననే గదా రాసుకోని పోయినారు!" అన్నారు. ఆ పైన ఒకాయన నన్ను బిందెలు అమ్మేవాడిననుకుని వెల అడిగాడు. ఎండెక్కుతోంది, బిందె ఖాళీ. ఆస్పత్రి గేటు ముందు ఆకలితో కూర్చున్నవాళ్ళు కళ్ళ ముందు మెదిలారు.

చివరికి మా పక్కింటి గడప తొక్కాను. ఒక ముసలావిడ చేట నిండా బియ్యంతో ఎదురొచ్చింది. నా చేతిలో బిందె చూసీ చూడగానే చేట అరుగు మీద పెట్టి, నా కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసి, "నామం లేకుండా వచ్చినావేంది సామీ?" అంటూ నుదుట ఇంత పొడుగు నామం దిద్దింది.

"అవ్వా, నేను గోవిందుడి మనిషిని కాదు. ఈ బియ్యం చర్చివాళ్ళకు. ఆస్పత్రి దగ్గర అన్నం పెడతారు."

"పెట్టనీ. ఆకలైనోళ్ళకే గదా."

"మరి పోయండి."

"గోవిందా అను, పోస్తా."

"నేను దేవుణ్ణి నమ్మనవ్వా!"

"నిన్ను నమ్మమంటినా? అనమంటి. పెరటాసి శనివారం అడిగేదానికి ఒక పద్ధతుండాది. మా అత్త కాలం నుంచీ ఆ మాట లేకుండా ఈ గడపలో గింజ రాలింది లేదు."

అవ్వ ఎత్తిన చేట గాల్లో ఆగింది. నా సిద్ధాంతం గొంతులో ఆగింది. ఏం చేయమంటారు? మెల్లగా "గోవిందా" అన్నాను.

"ఏంది ఆ పిల్లి గొంతు? మేడ మీదుండే నా కోడలికి ఇనబడాల. దాని బియ్యం అది తేవాల గదా!"

"గోవిందా!" అని అరిచాను. మేడ మీది కోడలే కాదు, ఇన్సూరెన్సు ఉన్నవాళ్ళూ, సర్వే అయిపోయినవాళ్ళూ చేటలతో పరుగెత్తుకొచ్చారు. "మన పక్కింటాయనేనా! ఇంత భక్తిపరుడని తెలీకపాయనే!" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాను, నేను నాస్తికుణ్ణని, బియ్యం చర్చికని. "అట్లనే సామీ, ముందు గోవిందా అను" అన్నారు. అన్నాను. బియ్యం పడింది. మళ్ళీ అన్నాను. మళ్ళీ పడింది. వీధి చివరికొచ్చేసరికి బిందె నిండిపోయింది. నేనెవరినో నాకే అనుమానంగా ఉంది.

చర్చి హాల్లో ఎసరు మరుగుతోంది. నన్ను చూసి గరిటెలు ఆగిపోయాయి. సుగుణమ్మ నా నామాన్ని, బిందెను, మళ్ళీ నామాన్ని చూసింది.

"దేవుడి పేరెత్తనంటివే?"

"ఎత్తించారు."

ఆవిడ నవ్వాపుకుని ప్రార్థనకు అందర్నీ నిలబెట్టింది. వాదించే ఓపిక లేక నేనూ కళ్ళు మూసుకున్నాను. "ప్రభువా! ఈ బిడ్డ ఎవరి బిడ్డో ఆ బిడ్డకే తెలీదు. బియ్యం మాత్రం తెచ్చినాడు. దీవించు తండ్రీ!" అంది. "ఆమేన్" అన్నారంతా. వెంటనే బియ్యం జలజలా ఎసట్లో పడిన చప్పుడు. ఆ చప్పుడుకు నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"గోవిందా!"

వంటవాళ్ళు కడుపు పట్టుకుని కూలబడ్డారు. అన్నం మాత్రం వేళకే ఆస్పత్రి గేటు చేరింది.

ఏ గ్రంథం మీదా నాకు నమ్మకం లేదు కనుక, వట్టి నోటితోనే ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట బియ్యం అడిగినవాళ్ళకు ముందు బియ్యమే పోస్తాను. ఉపన్యాసమంటారా? వాళ్ళు వీధి మలుపు తిరిగాక, తలుపు గడియ పెట్టుకుని, గోడకు వినిపిస్తాను.